చెన్నై ఆఫీసు నుంచి శ్రీసిటీ షెడ్డు దాకా: ఎడ్జ్ సైట్లను సెక్యూరిటీ ఆడిట్‌కు సిద్ధం చేయడం ఎలా?

ఆఫీసు గిండీలోనో, ఓఎంఆర్ మీదో ఉంటుంది. చూసుకోవాల్సిన సర్వర్లు మాత్రం ఒరగడంలో ఫ్యాక్టరీ షెడ్డులో ఒకటి, శ్రీపెరుంబుదూరు గోడౌన్‌లో ఒకటి, తడ దగ్గర శ్రీసిటీలో ఒకటి, నెల్లూరు బ్రాంచిలో మెట్ల కింద ఒకటి. ఇలాంటి ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లు చెన్నైలో చాలామందే. ఆడిట్ తేదీ రాగానే వీళ్లకు పట్టుకునే టెన్షన్ వేరు. డేటా సెంటర్‌లో తలుపుకు బయోమెట్రిక్, కెమెరా, రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే మనిషి ఉంటారు. ఎడ్జ్ సైటులో, అంటే ఇలా ఆఫీసుకూ డేటా సెంటర్‌కూ దూరంగా సర్వర్ పెట్టిన చోట, దాని పక్కన ఉండేది స్టోర్ ఇన్‌చార్జి, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న, కరెంటు పోతే జనరేటర్ వేసే ఎలక్ట్రీషియన్. వాళ్లెవరిదీ ఐటీ పని కాదు.

అందుకే ఒక మాట ముందే చెబుతాను. ఆ మనుషుల్ని కలుపుకోకుండా మీరు చెన్నైలో కూర్చుని ఎంత పకడ్బందీగా సెట్టింగులు చేసినా ఆడిట్‌లో నిలబడవు. కింద చెప్పే పనులన్నీ ఆ దృష్టితోనే రాశాను. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. రిజిస్టర్లకు, లాగ్‌లకు కొంత చరిత్ర ఉంటేనే అవి సాక్ష్యంగా పనికొస్తాయి.

ఏ ఆడిట్? ఎన్ని సైట్లు?

సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 27001 అయితే 2022 వెర్షన్‌లో 93 కంట్రోల్స్ (భద్రతా ఏర్పాట్లు) ఉన్నాయి. వాటిలో 14 తలుపులు, కేబుళ్లు, పరికరాల లాంటి భౌతిక భద్రతకు సంబంధించినవి. ఎడ్జ్ సైటులో మనం దొరికిపోయేది ఎక్కువగా ఈ 14 దగ్గరే. సైటులో కార్డు స్వైపింగ్ ఉంటే కార్డు డేటా భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్ఎస్ కూడా వస్తుంది. ఫ్యాక్టరీ మెషిన్లను నడిపే కంట్రోలర్లు మీ సర్వర్‌కు కలిసి ఉంటే పారిశ్రామిక కంట్రోల్ సిస్టమ్స్ భద్రతా ప్రమాణం ఐఈసీ 62443 ప్రకారం అడగొచ్చు. కస్టమర్ కంపెనీయో, నియంత్రణ సంస్థో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ తన జాబితాలో చేర్చుకున్న (ఎంప్యానెల్ చేసిన) ఆడిటర్‌తోనే చేయించమని అడిగితే వాళ్ల ప్రశ్నల జాబితా వేరుగా ఉంటుంది. ఏది వర్తిస్తుందో రాతపూర్వకంగా తెప్పించుకుని, ఏ సైట్లు పరిధిలోకి వస్తాయో ఒక పేజీలో రాసి మేనేజ్‌మెంట్ సంతకం తీసుకోండి.

ఆడిటర్ అన్ని సైట్లకూ రారు. ఒకే పద్ధతిలో నడిచే సైట్లు చాలా ఉన్నప్పుడు మొదటి సర్టిఫికేషన్ ఆడిట్‌కు మొత్తం సైట్ల సంఖ్యకు వర్గమూలం తీసుకోవడం మామూలుగా పాటించే లెక్క. 36 సైట్లుంటే 6 చూస్తారన్నమాట. వాటిలో కనీసం నాలుగో వంతు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి. కాబట్టి బాగున్న రెండు సైట్లు చూపించి గట్టెక్కుదామనే ఆలోచన పెట్టుకోకండి. ఒక సైటులో తప్పు దొరికితే మిగతా వాటిలోనూ అదే తప్పు ఉందేమో మీరే వెతికి చూపించాలి. అది సరిదిద్దేదాకా మొత్తం సర్టిఫికెట్ ఆగిపోవచ్చు.

పరికరాల లెక్క సరిచూడండి

మీ దగ్గర ఇప్పటికే ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. దాన్ని నమ్మి కూర్చోకండి. మూడు జాబితాలు తీయండి: కొనుగోలు బిల్లుల ప్రకారం ఉన్నవి, మానిటరింగ్ టూల్‌లో కనిపించేవి, సైటుకు వెళ్లి కళ్లారా చూసి రాసుకున్నవి. ఈ మూడూ ఎక్కడ కలవవో అక్కడే మీ పని ఉంది.

సైటుకు వెళ్లినప్పుడు రాక్‌లో ఉన్నవి మాత్రమే రాసుకుని రావద్దు. టేబుల్ కింద ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్, సీసీటీవీ వాళ్లు పెట్టిపోయిన డీవీఆర్, లైను పోయినప్పుడు పనికొస్తుందని ఎవరో తగిలించిన సిమ్ డాంగిల్, హాజరు వేసే బయోమెట్రిక్ మెషిన్, యూపీఎస్ వెనక నెట్‌వర్క్ కార్డు, లేబుల్ ప్రింటర్. ఇవి అదే నెట్‌వర్క్‌లో ఉంటే అన్నీ మీ లెక్కలోనివే. స్విచ్‌లోని మ్యాక్ అడ్రస్ టేబుల్‌నూ (తగిలించిన పరికరాల హార్డ్‌వేర్ నంబర్ల పట్టిక), డీహెచ్‌సీపీ లీజులనూ (పరికరాలకు ఇచ్చిన నెట్‌వర్క్ అడ్రసుల జాబితా) మీ షీటుతో పోల్చండి. గుర్తుపట్టలేని అడ్రస్ ఒక్కటి కనబడినా అది ఏ వైరుకు ఉందో చూసేదాకా వదలొద్దు. చిన్న పరికరాలే కదా అని తీసిపారేయడానికి లేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ 60కి పైగా డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ప్రయత్నిస్తూ లక్షల కొద్దీ కెమెరాలనూ, డీవీఆర్‌లనూ, రౌటర్లనూ వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ (వెబ్‌సైట్ పేర్లను నెట్‌వర్క్ అడ్రసులుగా మార్చే సేవ) మీద జరిగిన పెద్ద దాడికి వాడినవి అవే.

ప్రతి పరికరానికీ సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఏ గదిలో ఉంది, ఎవరి బాధ్యత, తాళం ఎవరి దగ్గర అన్నవి రాయండి. తాళం గడి చాలా షీట్లలో ఉండదు. ఆడిటర్ మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.

ఫ్యాక్టరీ సైట్లలో ఇంకోటి చూడాలి. గేటు దగ్గర ఆర్‌జీపీ, ఎన్ఆర్‌జీపీ పుస్తకాలుంటాయి. తిరిగొచ్చే సామానుకు మొదటిది, తిరిగిరాని సామానుకు రెండోది. మీ సర్వర్ రిపేరుకు వెళ్లిందంటే ఆర్‌జీపీలో ఎక్కి ఉంటుంది. అది తిరిగొచ్చినా ఎంట్రీ మూయకుండా వదిలేసి ఉంటే, పుస్తకం ప్రకారం ఆ సర్వర్ ఇంకా బయటే ఉంది. స్టోర్స్ వాళ్లతో కూర్చుని మీ పరికరాలకు సంబంధించి తెరిచి ఉన్న ఎంట్రీలన్నీ సరిచేయించండి. పాడైన హార్డ్ డిస్కుల సంగతీ అప్పుడే తేల్చండి. వారంటీలో డిస్క్ మార్చడానికి వచ్చిన ఇంజినీర్ పాతది పట్టుకుపోతే, అందులోని డేటా ఎవరి చేతికి వెళ్లిందో మీరు జవాబు చెప్పాలి. పాత డిస్క్ మనమే ఉంచుకునే షరతుతో సపోర్ట్ కాంట్రాక్టు తీసుకోండి. తర్వాత దాన్ని ఎప్పుడు, ఎలా నాశనం చేశారో సర్టిఫికెట్ దాచుకోండి.

తాళం అడిగితే ఎవరికి ఇస్తారు?

ఎడ్జ్ సైటు ఆడిట్‌లో చాలాసార్లు ఫలితాన్ని తేల్చేది సర్వర్ కాదు, తాళం చేతిలో ఉన్న మనిషి. ఆడిటర్ ఒక్కరే నడిచి వెళ్లి, "అన్నా, హెడ్డాఫీసు నుంచి వచ్చాను, రాక్ తాళం ఇవ్వు" అని అడిగి చూడొచ్చు. "మీ పేరు లిస్టులో లేదు సార్, ఒక్క నిమిషం, ఫోన్ చేసి కనుక్కుంటాను" అన్న జవాబు రావాలి. ఆ జవాబు పాలసీ డాక్యుమెంట్‌లోంచి రాదు. మీరు వెళ్లి కూర్చుని చెబితే వస్తుంది.

ఒక పేజీ కార్డు తయారుచేయండి. అందులో నాలుగే విషయాలు పెట్టండి. లిస్టులో పేరు లేకపోతే, ఈ నంబరుకు ఫోన్ చేయకుండా తాళం ఇవ్వకూడదు. లోపలికి వెళ్లినవాళ్లు పేరు, టైము, పని రాసి సంతకం పెట్టాలి. తెలియని వైరో, పెన్‌డ్రైవో, పెట్టెయో కనిపిస్తే ముట్టుకోకుండా ఫోన్ చేయాలి. స్క్రీన్ మీద డబ్బు అడిగే మెసేజ్ లాంటిది కనిపిస్తే ఎర్ర స్టిక్కర్ ఉన్న నెట్‌వర్క్ కేబుల్ పీకాలి, సర్వర్‌ను మాత్రం ఆపకూడదు. ఈ ఎర్ర స్టిక్కర్ మీరే ముందుగా అంటించి రావాలి.

భాష విషయంలో శ్రద్ధ పెట్టండి. శ్రీసిటీలో తెలుగు చాలు. ఒరగడం, శ్రీపెరుంబుదూరుల్లో స్టాఫ్‌కు తమిళం కావాలి. సెక్యూరిటీలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటే హిందీలోనూ ఉండాలి. ఇంగ్లిష్‌లో లామినేట్ చేసి గోడకు తగిలించిన కాగితం వాళ్లలో ఎంతమందికి అర్థమవుతుందో ఆలోచించండి. ఏజెన్సీ గార్డులను తరచూ మారుస్తుంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లకు కార్డు చదివి వినిపించి సంతకం తీసుకునే పని సైట్ మేనేజర్‌కు అప్పగించండి. ఆ సంతకాల కాగితమే శిక్షణ ఇచ్చినట్టు మీ సాక్ష్యం.

ఇంకొక్కటి. గార్డు మీ ఇంజినీర్‌ను పది నిమిషాలు గేటు దగ్గర ఆపితే అతన్ని కసరకండి. ఎవరినీ కసరనివ్వకండి. ఒకసారి తిట్లు తిన్న మనిషి రెండోసారి ఎవరినీ ఆపడు. సరిగ్గా ఆపాడని అతని సూపర్‌వైజర్‌కు ఒక మెసేజ్ పెట్టండి.

పెట్టె మొత్తం ఎత్తుకుపోతే?

రాక్‌కు తాళం, నంబరున్న సీల్, వాడని పోర్టులు మూసేయడం, బయోస్ పాస్‌వర్డ్, యూఎస్‌బీ నుంచి బూట్ కాకుండా చేయడం: ఇవి ఒక్క పూటలో అయ్యే పనులు. సీల్ నంబరు రిజిస్టర్‌లో రాయండి. తెరిచిన ప్రతిసారీ పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉండాలి.

అసలు ఆలోచించాల్సింది డిస్క్ ఎన్‌క్రిప్షన్ గురించి, అంటే కీ లేకుండా డిస్క్‌లోని డేటా చదవలేకుండా చేయడం. సైటులో కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్ తనంతట తాను లేవాలి. అర్ధరాత్రి పాస్‌వర్డ్ కొట్టడానికి అక్కడ ఎవరూ ఉండరు. అందుకని చాలామంది ఎన్‌క్రిప్షన్ మొత్తానికే తీసేస్తారు. అది ఆడిట్‌లో పెద్ద లోపమవుతుంది. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది డిస్క్ కీని మదర్‌బోర్డులోనే దాచే టీపీఎం చిప్, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ అయ్యేలా చూసే సెక్యూర్ బూట్. డిస్క్‌ను మాత్రమే పీకి తీసుకెళ్తే అది తెరుచుకోదు. కానీ పెట్టె మొత్తం ఎత్తుకెళ్లి ఆన్ చేస్తే లాగిన్ స్క్రీన్ దాకా బూట్ అవుతుంది. రెండోది డిస్క్ తెరుచుకోవడాన్ని నెట్‌వర్క్‌కు ముడిపెట్టడం. లినక్స్‌లో క్లెవిస్, టాంగ్ ఉన్నాయి, విండోస్‌లో బిట్‌లాకర్ నెట్‌వర్క్ అన్‌లాక్ ఉంది. మన నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపే డిస్క్ తెరుచుకుంటుంది, బయటికి తీసుకెళ్తే తెరుచుకోదు. అయితే సర్వర్ లేచే సమయానికి లింకు లేకపోతే సైటు ఆగిపోతుంది.

నా ఉద్దేశంలో, కస్టమర్ల వ్యక్తిగత వివరాలో కార్డు డేటాయో ఉన్న సైటుకు రెండో పద్ధతి పెట్టి, రెండో లింకుగా ఒక 4జీ రౌటర్ ఖర్చు భరించడమే సరైనది. మెషిన్ రీడింగులు మాత్రమే ఉన్న సైటుకు మొదటిది చాలు. ఏది ఎంచుకున్నా ఎందుకు ఎంచుకున్నారో పది వాక్యాల్లో రాసి రిస్క్ రిజిస్టర్‌లో (ప్రమాదాలు, వాటిపై నిర్ణయాలు రాసిపెట్టే పట్టిక) పెట్టండి. కారణం రాసి ఉన్న నిర్ణయాన్ని ఆడిటర్ గౌరవిస్తారు. కారణమే లేని సెట్టింగును ప్రశ్నిస్తారు.

లాగిన్లు, వెండార్లు

అన్ని సైట్లకూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే ఈ రోజే మార్చడం మొదలుపెట్టండి. విండోస్ మెషిన్లకు మైక్రోసాఫ్ట్ వారి లాప్స్ అనే పాస్‌వర్డ్ టూల్ వాడితే ఒక్కోదానికి ఒక్కో లోకల్ పాస్‌వర్డ్ దానంతటదే మారుతూ ఉంటుంది. లినక్స్‌లో ఎవరి లాగిన్ కీ (ఎస్ఎస్‌హెచ్ కీ) వాళ్లది ఉండాలి, ఉద్యోగం మానేసినవాళ్ల కీలు తీసేసినట్టు టికెట్ ఉండాలి. సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే మేనేజ్‌మెంట్ కార్డుల పాస్‌వర్డులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉండిపోతాయి. ఐడ్రాక్, ఐఎల్ఓ లాంటివన్నీ ఒక్కొక్కటిగా చూడండి.

వెండార్ రిమోట్ యాక్సెస్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2013లో అమెరికాలో టార్గెట్ స్టోర్ల నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు, దొంగలు లోపలికి వచ్చింది ఏసీ, రిఫ్రిజిరేషన్ పనులు చేసే కాంట్రాక్టర్ లాగిన్‌తోనే. మీ సైటులో కూడా మెషిన్ సప్లయర్ ఎనీడెస్క్ అనే రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడూ ఆన్‌లో పెట్టి ఉంచి ఉండొచ్చు. దాన్ని తీసేయించి, మీ జంప్ సర్వర్ (బయటివాళ్లు ముందుగా లాగిన్ కావాల్సిన మధ్య సర్వర్) ద్వారా, ఎంఎఫ్ఏతో (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో రుజువు), అడిగినప్పుడు మాత్రమే తెరిచే ఏర్పాటు చేయండి. ప్రొడక్షన్ ఆగిపోతే ఎవరు బాధ్యులని ప్లాంట్ వాళ్లు అడ్డుపడతారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. రాత్రిపూట కూడా పది నిమిషాల్లో యాక్సెస్ తెరిచే మనిషి నంబరు వాళ్లకిచ్చి, రెండుసార్లు చేసి చూపించండి.

పాత సిస్టమ్స్

సెంట్ఓఎస్ 7కు సపోర్ట్ 2024 జూన్ 30న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఎడ్జ్ సైట్లలో రెండూ ఇంకా నడుస్తూనే ఉన్నాయి, ఎందుకంటే మెషిన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ కొత్త వాటిమీద పనిచేయదు. దాచిపెట్టకండి. ఎందుకు మార్చలేకపోతున్నారు, ఎప్పటికి మారుస్తారు, అప్పటిదాకా వేరే వీలాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగం) పెట్టడం, ఇంటర్నెట్ ఆపడం లాంటివి ఏం చేశారు, ఈ రిస్క్‌ను ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్లెవరు అన్నది రాసి చూపించండి.

లాగ్‌లు, గడియారం

సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం మూడు విషయాలు నేరుగా ఎడ్జ్ సైట్ల మీద పడతాయి. లాగ్‌లు 180 రోజులపాటు ఉంచాలి. సిస్టమ్స్ టైము ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ నడిపే ఎన్‌టీపీ (టైము సరిచేసే) సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో సరిపోలాలి. ఆ ఆదేశాల్లో చెప్పిన రకం సైబర్ ఘటన జరిగితే గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. పీసీఐ డీఎస్ఎస్ పరిధిలోకి వచ్చే సైటైతే లాగ్‌లు 12 నెలలు ఉంచాలి, వాటిలో చివరి 3 నెలలవి అడగ్గానే తీసి చూపగలగాలి.

సైటులో ఎదురయ్యే చిక్కు లింకు పోయినప్పుడు. లాగ్‌లు చెన్నైకి రావడం ఆగిపోతుంది. లింకు వచ్చేదాకా వాటిని లోకల్ డిస్క్‌లో క్యూగా దాచకపోతే ఆ కొన్ని గంటల లాగ్‌లు శాశ్వతంగా పోతాయి. లాగ్‌లు పంపే సాఫ్ట్‌వేర్ ఆర్‌సిస్‌లాగ్‌లో డిస్క్ క్యూ ఆన్ చేసి, లింకు కేబుల్ మీరే పీకి, రెండు గంటల తర్వాత పెట్టి, ఆ మధ్య కాలపు లాగ్‌లు వచ్చాయో లేదో చూడండి. ఈ పరీక్ష చేసిన తేదీతో స్క్రీన్‌షాట్ దాచండి. మాటలతో ఎంత వివరించినా దీనికి సాటిరాదు.

గడియారం దగ్గర రెండు చూడాలి. డీవీఆర్, డోర్ కంట్రోలర్, సర్వర్ ఈ మూడింటి టైము ఒకేలా ఉందా? సర్వర్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక కాలం), కెమెరా భారత కాలమానంలో ఉంటే అయిదున్నర గంటల తేడా. సాయంత్రం 6 గంటలకు తలుపు తెరిచిన మనిషిని లాగ్‌లో మధ్యాహ్నం 12.30 దగ్గర వెతకాలన్న సంగతి అప్పటికప్పుడు ఎవరికీ తట్టదు. రెండోది మదర్‌బోర్డు మీది బటన్ సెల్. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది, ఎన్‌టీపీ అందేదాకా లాగ్‌లన్నీ తప్పు తేదీతో పడతాయి. సైటుకు వెళ్లినప్పుడు కొత్త సెల్ వేసి రండి.

6 గంటల నియమానికి ఒక డ్రిల్ చేయండి. శనివారం రాత్రి సైట్ మేనేజర్ ఫోన్ చేసినట్టు అనుకుని, ఎవరు ఎత్తారు, ఎవరు నిర్ణయం తీసుకున్నారు, ఫారం ఎవరు నింపారు, ఎంతసేపు పట్టింది అన్నవి రాసుకోండి.

వాన, కరెంటు, నిప్పు

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మన సైట్లు ఉండే దారి పొడవునా అదే వాన. గ్రౌండ్ ఫ్లోర్‌లో నేలమీద పెట్టిన రాక్ ఉంటే అక్టోబరు లోపే ఎత్తు మీదికి మార్చండి. వీలైతే ఆడిట్ తేదీలు కూడా ఆగస్టు, సెప్టెంబరుల్లో అడగండి. యూపీఎస్ బ్యాటరీ పరీక్ష రిపోర్టు, అగ్నిమాపక సిలిండర్ మీద రీఫిల్ తేదీ, ఏసీ సర్వీస్ కాగితం: ఈ మూడూ ఫోటో తీసి పెట్టుకోండి. బ్యాకప్ ఉంది అనడం సరిపోదు, ఒక్కసారైనా తిరిగి రిస్టోర్ చేసిన రికార్డు ఉండాలి.

సాక్ష్యాలు పోగుచేయడం

ఒక్కో సైటుకు ఒక ఫోల్డరు, అందులో కంట్రోల్ నంబరు ప్రకారం చిన్న ఫోల్డర్లు పెట్టండి. ఫైలు పేరులోనే సైట్ కోడ్, తేదీ ఉండాలి. నెలకోసారి మేనేజర్ పంపాల్సిన ఫోటోలు నాలుగే పెట్టండి: రాక్ ముందు భాగం, సీల్ నంబరు, రిజిస్టర్ చివరి పేజీ, యూపీఎస్ స్క్రీన్. ఎక్కువ అడిగితే పంపరు.

రిజిస్టర్‌లో ఖాళీలుంటే పాత తేదీలు వేసి నింపించకండి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, మూడు నెలల సంతకాలు కనబడగానే అనుభవమున్న ఆడిటర్‌కు తెలిసిపోతుంది. ఆ క్షణం నుంచి మీరు చూపించే నిజమైన కాగితాన్ని కూడా అనుమానంతోనే చూస్తారు. ఇరుకున పడేది ఆ సంతకాలు పెట్టిన చిన్న ఉద్యోగి. "ఈ తేదీ నుంచి రిజిస్టర్ మొదలైంది, అంతకు ముందుది లేదు" అని రాయండి. అది చిన్న లోపంగా పోతుంది.

ఆడిట్‌కు నాలుగు వారాల ముందు వేరే టీమ్‌లోని మనిషిని తీసుకెళ్లి ఒక సైటులో నమూనా ఆడిట్ చేయించండి. మీ సైటు గురించి ఏమీ తెలియనివాళ్లైతే మేలు. వాళ్లు అడిగే అమాయకపు ప్రశ్నలే అసలు రోజున వస్తాయి.

ఆడిట్ రోజు, ఆ తర్వాత

ఆడిటర్ పేరు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు ముందురోజే గేటుకు పంపండి. ఫ్యాక్టరీ అయితే సేఫ్టీ షూస్ సైజు కూడా అడిగి ఉంచండి. ఆయన్ని కూడా రిజిస్టర్‌లో సంతకం పెట్టించాలి, గుర్తింపు కార్డు చూడాలి. మీ ఏర్పాటు పనిచేస్తోందనడానికి అది మొదటి రుజువు. ఆయన పెన్‌డ్రైవ్ ఇచ్చి ఫైళ్లు కాపీ చేయమంటే మర్యాదగా వద్దని, షేర్డ్ ఫోల్డర్‌లో ఇస్తామని చెప్పండి. సైటువాళ్లను ప్రశ్న అడిగినప్పుడు మధ్యలో మీరు అందుకోకండి, వాళ్లనే చెప్పనివ్వండి. తెలియనిది తెలియదనే చెప్పమని వాళ్లకు ముందే ధైర్యం ఇవ్వండి. ఆయన చూస్తుండగా సెట్టింగులు మార్చవద్దు.

రిపోర్టు వచ్చాక ఒక్కో లోపానికీ మూడు గడులున్న షీటు పెట్టుకోండి: దొరికిన సైటులో ఏం సరిచేశాం, అది ఎందుకు జరిగింది, మిగతా సైట్లలో చూశామా. మూడో గడి ఖాళీగా పంపితే జవాబు వెనక్కి వస్తుంది. ఒరగడంలో డీవీఆర్‌కు డిఫాల్ట్ పాస్‌వర్డ్ దొరికిందంటే శ్రీసిటీ, నెల్లూరు డీవీఆర్‌ల స్క్రీన్‌షాట్లు కూడా అదే జవాబుతో జతచేసి, గడువుకు వారం ముందే పంపండి.